ముందు బరువుకు వెనుక బరువు

పిల్లలూ! ఒక చిన్న పాఠకుడు మాకు ఇట్లా రాశాడు: "మా వీధిలో మట్టి ఎత్తే చిన్న బండికి వెనుక వైపున ఇనుప దిమ్మెలు తగిలించారు. మట్టి మొయ్యటమే కష్టమైతే ఈ ఇనుమును కూడా మొయ్యటం దేనికి?"

మంచి ప్రశ్న! ముందు ఆ బండి సంగతి చెప్పుకుందాం.

దాని పేరు స్కిడ్ స్టీర్ లోడరు. మోటారు కారు చక్రాల లాగా దీని చక్రాలు పక్కలకు మళ్ళవు. ఒక వైపు చక్రాలు ముందుకు, రెండవ వైపు చక్రాలు వెనక్కి నడిస్తే, బండి నేల మీద జారుతూ వున్నచోటనే గిర్రున తిరుగుతుంది.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో లూయిస్ కెల్లర్, సిరిల్ కెల్లర్ అనే అన్నదమ్ములు వుండేవారు. టర్కీ కోళ్ళను పెంచే ఒక రైతు వాళ్ళ దగ్గరికి వచ్చాడు. అతని కోళ్ళ కొట్టానికి మేడ వున్నది. లోపల అంతా స్తంభాలు. పెంట ఎత్తిపోసే యంత్రం ఆ స్తంభాల మధ్య తిరగాలి, మేడ నేల విరగకుండా తేలికగానూ వుండాలి. అన్నదమ్ములిద్దరూ ఆలోచించి 1957లో మూడు చక్రాల బండి ఒకటి తయారు చేశారు. 1960లో దానికి నాలుగు చక్రాలు వచ్చాయి. 1962 నుంచి 'బాబ్‌క్యాట్' అని పేరు పెట్టారు. అది ఆ దేశపు అడవిపిల్లి పేరు.

బండి తేలికదైతే ఒక చిక్కున్నది. ముందున్న తొట్టిలో బరువు పెరిగితే వెనుక చక్రాలు పైకి లేచి, బండి ముందుకు మొగ్గుతుంది. ఎందుకో మీరే చూడండి.

ఒక అడుగుబద్దను బల్ల మీద పెట్టి, నాలుగు అంగుళాలు అంచు దాటి బయటికి వచ్చేట్టు జరపండి. బయటి కొసన రూపాయి బిళ్ళలను ఒక్కొక్కటే పేర్చండి. ఏదో ఒక బిళ్ళ పెట్టగానే బద్ద పడిపోతుంది. ఈసారి లోపలి కొసన ఒక బిళ్ళ పెట్టి చూడండి. బయట ఇంకా రెండు బిళ్ళల దాకా నిలుస్తాయి! ఒకటికి రెండు ఎట్లా వచ్చాయి? లోపలి కొస అంచుకు ఎనిమిది అంగుళాల దూరాన వున్నది. బయటి కొస నాలుగే. దూరం రెండింతలైతే బలమూ రెండింతలు. అదే బిళ్ళను లోపల అంచు పక్కనే పెట్టండి, ఏమీ లాభం వుండదు. బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఎక్కడ అన్నది కూడా ముఖ్యం.

లోడరుకు ముందు చక్రాలే బల్ల అంచు. తొట్టిలోని బరువు వాటికి ఒక మీటరు ముందు, దిమ్మెలు రెండు మీటర్లు వెనుక వున్నవనుకోండి. 50 కిలోల దిమ్మె 100 కిలోల మట్టిని తూచి నిలుపుతుంది. ఏతానికి వెనుక రాయి కట్టటం కూడా ఇందుకే గదా!

"అయితే ఇంకా నాలుగు దిమ్మెలు తగిలిస్తే కొండనైనా ఎత్తవచ్చునే!" అంటారేమో. ఆగండి. పలుచని ప్లాస్టిక్ బద్ద మీద రెండు వైపులా బిళ్ళలు పెంచుతూ పోతే, అది పడిపోదు గాని వంగిపోతుంది. తూకం వేరు, సత్తువ వేరు. దిమ్మెలు తూకాన్నే ఇస్తాయి. చేతులకు, ఇరుసులకు, టైర్లకు అవి కొత్త సత్తువ ఇవ్వలేవు. పైగా వాటి మీద భారం పెరుగుతుంది. అందుకే బండిని చేసినవారు ఎంత చెప్పారో అంతే తగిలించాలి.

మరొక నియమం కూడా వున్నది. చక్రాల లోడరు 1000 కిలోలకు మొగ్గిపోయేదైతే, అందులో సగం, అంటే 500 కిలోల వరకే ఎత్తాలి. మిగతా సగం దేనికి? నేల గతుకులుగా వుండవచ్చు. బండి చటుక్కున ఆగవచ్చు. కొన్ని లోడర్ల చేతులు వంపుగా లేస్తాయి. నేల దగ్గర నిలకడగా వున్న బరువు, సగం ఎత్తుకు వచ్చేసరికి ఇంకా ముందుకు జరుగుతుంది. తూకం తప్పేది అక్కడే! బండి మొగ్గితే నడిపేవాడికీ, ఎదుట నిలబడ్డవాడికీ కూడా ప్రాణాపాయం. కనుక బరువుతో నడిచేటప్పుడు తొట్టిని నేలకు దగ్గరగా వుంచుతారు. మీరు మాత్రం ఆ బండికి దూరంగా నిలబడి చూడండి సుమా!

ఇక మీకొక ప్రశ్న. మిట్ట ఎక్కేటప్పుడు బండిలో బరువైన కొస ఎప్పుడూ పై వైపునే వుండాలి. తొట్టి నిండుగా వున్న లోడరు ముందుకు ఎక్కాలా, వెనక్కి ఎక్కాలా? తొట్టి ఖాళీగా వుంటే? అడుగుబద్దను తలుచుకుని ఆలోచించండి. జవాబు వచ్చే నెల.