జిల్లా సగటులో కనబడని బిడ్డ

ఐదేళ్లలోపు పిల్లల ఎదుగుదలను కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రమాణాలు రూపొందించింది. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన దేశపు పిల్లలనూ పరిశీలించి నిర్ణయించిన ప్రమాణాలవి. తగిన తిండి, ఆరోగ్యం, పరిశుభ్రత అందితే ఏ దేశపు బిడ్డ అయినా దాదాపు ఒకే తీరున ఎదుగుతుందని తేలింది. కనుక మన పిల్లలు పుట్టుకతోనే పొట్టివారన్న సాకు చెల్లదు.

ఆ ప్రమాణాల ప్రకారం తెలంగాణలో వయసుకు తగిన ఎత్తు లేని పిల్లలు 2015-16లో 28 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 33 శాతం. పిల్లల్లో రక్తహీనత 61 నుంచి 70 శాతానికి పెరిగింది.

ఈ సర్వే జిల్లా దగ్గరే ఆగిపోతుంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా సగటులో కౌకూర్ బస్తీలోని పేద ముస్లిం బిడ్డ కనబడదు. జిల్లా పట్టికలో మతాలవారీ లెక్క లేదు. లెక్కకు రాని లేమికి బడ్జెట్‌లో చోటు దొరకదు.

అంగన్‌వాడీల్లో నమోదయ్యే ఎత్తు, బరువుల వివరాలను పిల్లల పేర్లు లేకుండా, బస్తీలవారీగా, సామాజిక వర్గాలవారీగా ప్రభుత్వం ప్రకటించాలని కోరుతున్నాం. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే: బిడ్డను తూకానికి తీసుకెళ్లండి. కార్డులో అంకె రాయించుకోండి. దాని అర్థమేమిటో అడిగి తెలుసుకోండి.