కవ్వం చాలు, కుక్కరు వద్దు

కాఫీ కప్పులో పాల నురగతో వేసిన ఆకు బొమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. విశాఖపట్నంలోనో, అరకు వెళ్ళే దారిలోనో ఒక కాఫీ హోటలులో చూసి ఉండవచ్చు. లేకుంటే ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో చూసి ఉండవచ్చు. గోధుమరంగు కాఫీ మీద తెల్లని పాలు పోస్తూ, చేతిని కాస్త అటూ ఇటూ కదిపి, చివర ఒక గీత లాగేసరికి ఈనెలతో సహా ఆకు తయారవుతుంది. అది పుల్లతో గీసినది కాదు, రంగు వేసినదీ కాదు. పోయడంలోనే బొమ్మ పడుతుంది. దీనిని లాటే ఆర్ట్ అంటారు. ఇటలీ భాషలో లాటే అంటే పాలు. 1980, 1990 దశకాలలో అమెరికాలోని సియాటిల్ నగరంలో డేవిడ్ షోమర్ అనే కాఫీ దుకాణదారు దీనికి బాగా ప్రచారం తెచ్చాడు.

దీన్ని ఇంట్లో నేర్చుకోవచ్చునా అని పిల్లలు అడుగుతున్నారు. పెద్దల నుంచి రెండు రకాల జవాబులు వస్తాయి. "పదో తరగతి పెట్టుకుని పాలతో ఆటలేమిటి?" అనేది ఒకటి. "వేలు పోసి మిషను కొంటేగాని అది రాదు" అనేది రెండోది. ఈ రెండూ సరైనవి కావని నా అభిప్రాయం. అయితే వీటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మూడో జవాబు. అది పెద్దలు చెప్పేది కాదు, ఫోనులో కనిపించేది. ప్రెషర్ కుక్కరు మీది వెయిటు తీసేసి, ఆ గొట్టానికి ఒక పైపు బిగించి, వచ్చే ఆవిరిని పాలలోకి వదలమంటారు. ముందు దీని సంగతి చూద్దాం.

ఆవిరితో పాలు ఎందుకు కాస్తారు? పొయ్యి మీద కాచకూడదా? దీనికి జవాబు మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఒక గ్రాము నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి కావాలంటే సుమారు 540 కెలోరీల ఉష్ణం తీసుకుంటుంది. దీనినే బాష్పీభవన గుప్తోష్ణం అని మీరు వల్లె వేశారు. 1760ల ప్రాంతంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు ఈ గుప్తోష్ణాన్ని కనిపెట్టాడు. ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు ఆ 540 కెలోరీలనూ అణా పైసలతో సహా అప్పజెప్పేస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. 30 డిగ్రీల దగ్గర ఉన్న 200 గ్రాముల పాలను 60 డిగ్రీలకు తేవాలి. పాల విశిష్టోష్ణం సుమారు 0.93. అంటే 200ని 0.93తోనూ, 30తోనూ గుణించాలి. 5,580 కెలోరీలు కావాలి. 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము పాలలో కరిగి 60 డిగ్రీల నీరయ్యేసరికి 540, దానిపైన మరో 40, మొత్తం 580 కెలోరీలు ఇస్తుంది. కాబట్టి సుమారు 10 గ్రాముల ఆవిరి చాలు! అదే పనిని మరిగే నీటిని పాలలో పోసి చేయాలంటే, గ్రాముకు 40 కెలోరీలే కాబట్టి, దాదాపు 140 గ్రాముల నీరు కావాలి. అప్పుడు మిగిలేది పాలు కాదు, కుడితి. ఆవిరి అయితే పాలు పెద్దగా పలచబడకుండానే వేడెక్కుతాయి. పైగా గొట్టంలోంచి దూసుకువచ్చే ధార గాలిని లోపలికి లాక్కుపోయి, గిర్రున తిప్పి, నురగ కడుతుంది. 1901లో మిలాన్ నగరంలో లుయీజీ బెజ్జెరా పేటెంటు తీసుకున్న కాఫీ యంత్రం నుంచి, మన పెళ్ళిళ్ళలో బుస్సుమంటూ పాలు పొంగించే ఎక్స్‌ప్రెసో మిషను దాకా ఆవిరినే నమ్ముకున్నాయి.

లెక్కను ఇంకొకసారి వేయండి. ఈసారి పాల బదులు మీ చెయ్యి అనుకోండి. మరిగే నీరు ఒక గ్రాము చర్మం మీద పడి 40 డిగ్రీలకు చల్లారితే 60 కెలోరీలు వదులుతుంది. ఆవిరి ఒక గ్రాము పడితే 600 కెలోరీలు, అంటే సరిగ్గా పది రెట్లు. వెయిటు ఉన్న కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటుంది. మిషనులో బాయిలరు వేరు, పీడనం చూపే ముల్లు వేరు, అధిక పీడనాన్ని వదిలేసే కవాటం వేరు. కుక్కరు మూతకు ఉన్నది ఒకే ఒక సన్నని గొట్టం. దానికి మీరు పైపు బిగించి, ఆ పైపు కొసను పాలలో ముంచుతారు. మంట ఆపగానే లోపలి ఆవిరి సాంద్రీకరణం చెంది నీరవుతుంది, పీడనం పడిపోతుంది, బయటి గాలి పీడనం పాలను పైపులోకి ఎగదోస్తుంది. ఆ పాలు గొట్టంలో ఎండి బిగుసుకుపోతాయి. మర్నాడు అమ్మ పప్పు పెట్టి స్టవ్ వెలిగిస్తుంది. ఆవిరికి దారి ఉండదు. ఆ తరువాత మూతకున్న సేఫ్టీ ప్లగ్గు సవ్యంగా ఉంటే అది కరిగి ఊడుతుంది. అది పాతబడినదో, నకిలీదో అయితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. 540 అనే అంకెను పరీక్షలో రాసి మార్కు తెచ్చుకున్న పిల్లవాడే ఈ పని చేయబోతున్నాడంటే, ఆ అంకె అతనికి అర్థం కాలేదన్నమాట. ఇందులో తప్పు అతనిదొక్కడిదే కాదు. బడిలో ఆవిరిని చూపకుండా అంకెను మాత్రం చెప్పినవాళ్ళది కూడా.

సరే, ఆవిరి లేకుండా నురగ ఎలా? మన ఇళ్ళలో దానికి కవ్వం ఉంది. టీ బడ్డీ దగ్గర నిలబడి చూడండి, మాస్టరు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి మూరెడు ఎత్తున తిరగబోస్తాడు. పడుతున్న ధార తనతో గాలిని లోపలికి తీసుకుపోతుంది. అదీ నురగే. కాకపోతే అందులో బుడగలు పెద్దవి. ఆకు బొమ్మకు కావలసినవి కంటికి విడివిడిగా కనిపించనంత చిన్న బుడగలు.

బుడగ చిన్నదా పెద్దదా అనేదానిలో ఇంత పట్టింపు ఎందుకు? ద్రవం ఉపరితలం ఎప్పుడూ ముడుచుకుపోవాలని చూస్తుంది. దానిని తలతన్యత అంటాం. అందువల్ల బుడగ ఎంత చిన్నదైతే దాని లోపలి పీడనం అంత ఎక్కువ. పక్కపక్కనే ఒక పెద్ద బుడగ, ఒక చిన్న బుడగ ఉంటే చిన్నదానిలోని గాలి మెల్లగా పెద్దదానిలోకి చేరిపోతుంది. చిన్నది మాయమై పెద్దది ఇంకా ఉబ్బుతుంది. కాబట్టి అన్నీ ఒకే రకంగా చిన్నవిగా ఉంటేనే నురగ నిలుస్తుంది. పాలలోని మాంసకృత్తులు బుడగ చుట్టూ పొరలా చేరి దానిని కాపాడతాయి. మంచినీళ్ళను ఎంత చిలికినా నురగ నిలవకపోవడానికి కారణం ఈ పొర లేకపోవడమే.

కొవ్వు మాత్రం నురగకు అంత స్నేహితుడు కాదు. చల్ల చిలకడం చూసిన ఇళ్ళలోని పిల్లలకు ఇది తెలిసిన విషయమే. మొదట నురగ కుండ అంచుదాకా పొంగుతుంది, వెన్న పడగానే చప్పున అణగిపోతుంది. సగం గట్టి, సగం మెత్తగా ఉన్న కొవ్వు కణాలు బుడగల గోడలను పాడుచేయడమే దానికి కారణం. 40 డిగ్రీలు దాటితే కొవ్వంతా కరిగి నూనెలా అయిపోతుంది, అప్పుడు ఆ బెడద తగ్గుతుంది. గేదె పాలలో కొవ్వు 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది, ఆవు పాలలో సుమారు 4 శాతం. కాబట్టి మీగడ తీసిన పాలతో మొదలుపెట్టడం మేలు.

పద్ధతి ఇది. పాలు 200 మిల్లీలీటర్లు, మూతి ఉన్న గిన్నెలో సగానికి మించకుండా పోయండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు కవ్వం తలను పైభాగంలో ఉంచి అరచేతుల మధ్య పది పదిహేను సెకన్లు తిప్పండి. గాలి అప్పుడే లోపలికి పోవాలి. ఆ పిమ్మట కవ్వాన్ని అడుగుకు దించి, ఇక గాలి చేర్చకుండా, సన్న సెగ మీద 60 డిగ్రీలు వచ్చేదాకా తిప్పుతూనే ఉండండి. లోపలి సుడిలో పెద్ద బుడగలు చితికి చిన్నవవుతాయి. దించి, గిన్నెను బల్ల మీద రెండుసార్లు తట్టి, గుండ్రంగా ఆడించండి. కొత్తగా వేసిన పెయింటులా మెరిస్తే నురగ కుదిరినట్టే. సబ్బు నురగలా గుట్ట కడితే గాలి ఎక్కువైనట్టు. మూత ఉన్న సీసాలో వేడి పాలు పోసి గిలకొట్టమని కొందరు చెబుతారు. లోపలి గాలి వేడెక్కి మూతను తన్నేస్తుంది, వద్దు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. 65 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే పాలు రుచి మారతాయి అని విదేశీ పుస్తకాలలో రాస్తారు. వాళ్ళ దగ్గర దొరికేవి సాధారణంగా ముందే పాశ్చరీకరణం చేసిన పాలు, అంటే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి క్రిములను చంపినవి. మన పల్లెల్లో పాలు గేదె దగ్గరనుంచి నేరుగా చెంబులోకి వస్తాయి. అలాంటి పచ్చి పాలను 60 డిగ్రీలకు వెచ్చబెట్టి కాసేపట్లో తాగేయడం ప్రమాదం. క్షయ వంటి వ్యాధుల క్రిములు పాలతో రావచ్చు. ముందు పొంగేదాకా కాచండి, చల్లార్చి మీగడ తీయండి, తరువాతే నురగ పని. కాచి చల్లార్చిన పాలు కూడా చక్కగానే నురగ కడతాయి. ఇక కాగిన పాల వాసన గురించి. వాళ్ళు దానిని లోపం అంటారు, మనం కమ్మదనం అంటాం. ఈ విషయంలో వాళ్ళ మాట వినవలసిన అవసరం నాకు కనిపించదు.

వేడి కొలవడానికి బడిలోని పాదరసపు థర్మామీటరును తాగే పాలలో ముంచకండి. పగిలితే విషం. జ్వరం చూసే థర్మామీటరు 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రని ఆల్కహాలు ఉన్నదో, డిజిటల్‌దో వాడవచ్చు. ఏదీ లేకుంటే స్టీలు గిన్నెను బయటినుంచి వేళ్ళతో తాకండి. తాకగానే తీసేయాలనిపిస్తే చాలు, దించేయండి.

పోసేటప్పుడు కప్పును కాస్త వంచి, ముందు నాలుగు వేళ్ళ ఎత్తు నుంచి సన్నగా పోయండి. ఎత్తునుంచి పడిన ధారకు వేగం ఉంటుంది, అది కాఫీ అడుగుకు దిగిపోతుంది, పైన రంగు చెదరదు. కప్పు సగం నిండాక గిన్నె మూతిని కాఫీకి తగిలేటంత దగ్గరకు దించి, కాస్త ధారాళంగా పోయండి. ఇప్పుడు వేగం లేదు, నురగ తేలిక, కనుక పైనే పరుచుకుంటుంది. తెల్లని మచ్చ కనబడగానే మణికట్టును అటూ ఇటూ ఆడిస్తూ వెనక్కి రండి, ఈనెలు పడతాయి. చివర గిన్నెను కొంచెం ఎత్తి మధ్యగా ఒక గీత లాగండి. మొదటి వారం పడేది ఆకు కాదు, ఉల్లిపాయ. పాలు వృథా చేయకుండా ఉండాలంటే ముందు చల్లని నీటిలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి, చిలికి, పోసే చేతివాటం నేర్చుకోవచ్చు. దానికి గిన్నె, కవ్వం విడిగా ఉంచుకుని, ఎవరూ తాగకుండా చూడండి.

కాఫీ మాటకు వస్తే, హోటలు కాఫీ మీద గోధుమరంగు మీగడ లాంటి పొర ఉంటుంది. సుమారు 9 వాతావరణాల పీడనంతో నీటిని పొడిలోంచి తోసినప్పుడు, వేయించిన గింజలలోని కార్బన్ డయాక్సైడు కట్టే నురగ అది. ఫిల్టరు డికాక్షనులో ఆ పొర ఉండదు, అందుచేత బొమ్మ అంచులు కాస్త మసకబారతాయి. డికాక్షనులో ముందుగా ఒక చెంచా నురగ కలిపి చూడండి, కొంత మెరుగుపడుతుంది. పొడి కోసం ఎక్కడికో పోనక్కరలేదు. ఎస్.కోట దాటి ఘాటీ ఎక్కితే అనంతగిరి, ఆపైన అరకు. గిరిజన రైతులు పెంచే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే మీ వయసులో కాఫీ అలవాటు చేసుకోమని నేను చెప్పను. కాఫీని పెద్దవాళ్ళకు పోసి ఇవ్వండి, మీరు కోకో పొడి కలిపిన పాల మీద బొమ్మ వేసుకోండి. ఈ పని ఆడపిల్లలదే అనుకుని మగపిల్లలు తప్పుకోనక్కరలేదు. టీ బడ్డీల దగ్గర తిరగబోసేది ఎక్కువగా మగవాళ్ళే.

ఇంత శ్రమ ఒక బొమ్మ కోసమేనా అంటే, నా దృష్టి బొమ్మ మీద లేదు. ప్రతి ఏటా సైన్సు ఫెయిరుకు వెళుతున్నాను. అదే థర్మోకోలు అగ్నిపర్వతం, అదే ఇంకుడు గుంత నమూనా, అదే కంఠతా పట్టిన వివరణ. పక్క ప్రశ్న ఒకటి వేస్తే పిల్లవాడు మాస్టారి వైపు చూస్తాడు. చాలా బడులలో పరికరాలు బీరువాలో భద్రంగా ఉంటాయి, పగిలితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో. కవ్వానికి ఆ భయం లేదు. ఈసారి ఫెయిరుకు నాలుగు గ్లాసులు పట్టుకురండి: గేదె పాలు, ఆవు పాలు, మీగడ తీసినవి, ప్యాకెట్టువి. అన్నీ ఒకే కొలత, ఒకే వేడి, ఒకే కవ్వం, 30 సెకన్లు. నురగ ఎత్తును స్కేలుతో వెంటనే ఒకసారి, అయిదు నిమిషాలకు ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి కొలిచి పట్టిక వేయండి. తరువాత అదే ప్రయోగాన్ని 25 డిగ్రీల దగ్గర, 60 డిగ్రీల దగ్గర చేసి పోల్చండి. ఏది ఎక్కువ పొంగింది, ఏది ఎక్కువ సేపు నిలిచింది అనేవి రెండు వేరు ప్రశ్నలని మీకే తెలుస్తుంది. న్యాయనిర్ణేతలు మొదటి ప్రశ్న అడుగుతారు. రెండోది మీరే వాళ్ళను అడగండి.