రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు



కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన వైనాన్ని చెబుతూ, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అది వరుసగా చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల శ్రమ అని ఖర్చయిన కష్టాన్ని కూడా రాతిలో చెక్కించి పెట్టారు. దోషాల్లో కట్ట ఊరడం, చవిటి నేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం వంటివి ఈనాటి ఇంజనీరు కూడా ఒప్పుకునేవే. వాటి సరసనే పాలనకు సంబంధించిన దోషం ఒకటి చేర్చారు: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండరాదు. ఎవరి బాధ్యతో తేలని నీరు నిలవదని ఆరున్నర శతాబ్దాల కిందటే మనవాళ్లు గ్రహించారు. రాజ్యాలు పోయి శాఖలు వచ్చినా మన పాత చెరువులకు ఆ దోషం తప్పలేదు. నీరు ఒక శాఖది, శిఖం భూమి ఇంకొక శాఖది, చేపలు మరొకరివి, పక్షులు అటవీ శాఖవి, శాసనం పురావస్తు శాఖది. చెరువును ప్రకృతి సంపదగానూ చారిత్రక వారసత్వంగానూ ఒకే లెక్కలో, ఒకే ప్రణాళికలో చూడనంత కాలం రెండింటిలో ఏదీ దక్కదన్నది నా వాదన.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒడంబడిక ప్రకారం సహజంగా ఏర్పడినదైనా, మనుషులు కట్టినదైనా చిత్తడి నేల చిత్తడి నేలే. మన దేశం 1982లో అందులో చేరింది. అయినా 2017లో కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల నియమాలు తాగునీటి కోసం, సాగు కోసం ప్రత్యేకంగా నిర్మించిన జలాశయాలను నిర్వచనం నుంచే తప్పించాయి. సహజ సరస్సులు మెండుగా ఉన్న ప్రాంతాలకు దీనివల్ల పెద్ద లోటు రాకపోవచ్చు. దక్కను నేలకు మాత్రం ఇది పెద్ద దెబ్బ. తెలంగాణలో, రాయలసీమలో మనుషులు కట్టిన చెరువులను పక్కన పెడితే చిత్తడి నేలలని చెప్పుకోవడానికి మిగిలేవి బహు కొద్ది. ఇక ప్రాచీన కట్టడాల చట్టం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతమని, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమని గీత గీస్తుంది. గుడికి ఆ గీత సరిపోతుంది. చెరువు ప్రాణం మాత్రం మైళ్ల దూరంలోని వాగులో, పైచెరువు మత్తడిలో, మధ్యలో పూడుకుపోయిన కాలువలో ఉంటుంది. అక్కడికి ఆ గీత చేరదు.

ములుగు జిల్లా పాలంపేటనే తీసుకోండి. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. తెలుగువారంతా గర్వించారు, గర్వించాలి కూడా. ఆ గుడి చెంతనే రెండు గుట్టలను కలుపుతూ కట్ట వేసి నిలిపిన రామప్ప చెరువు, అదే జిల్లాలో లక్నవరం, నర్సంపేట వైపు పాకాల కూడా కాకతీయుల కాలపు ఆలోచన నుంచే పుట్టాయి. గుడి, ఊరు, చెరువు అనే మూడింటిని కలిపి కట్టడమే ఆనాటి పద్ధతి. చెరువు కింద పండిన పంట గుడిని పోషించింది, గుడి చుట్టూ ఊరు నిలిచింది, ఊరు చెరువును కాపాడుకుంది. ఈ మూడింటిలో గుడిని మాత్రమే వేరుచేసి గౌరవిస్తే, కుటుంబ చిత్రంలోంచి ఒకరి ముఖాన్ని కత్తిరించి పటం కట్టించుకున్నట్టే.

చెరువులో ప్రకృతినీ సంస్కృతినీ విడదీయలేమన్న మాటకు రుజువు దాని పనితీరులోనే ఉంది. వానతో కొట్టుకొచ్చిన ఒండ్రు చెరువు అడుగున చేరుతుంది. ఎండాకాలం రైతు దాన్ని తవ్వి పొలానికి తోలుకుంటే చెరువుకు లోతు, చేనుకు సత్తువ. వినాయకుడి విగ్రహానికి తీసిన బంకమట్టి నిమజ్జనంతో మళ్లీ చెరువుకే చేరేది. బతుకమ్మలో పేర్చిన తంగేడు, గునుగు పూలు నీటిలో కలిసి కరిగిపోయేవి. కట్ట మీద మైసమ్మ గద్దె ఉన్నచోట తట్టెడు మన్ను తీయడానికి కూడా ఊరు జంకేది. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంత నీరు పారించాలో చూసే నీరటికి పంటలో వాటా ఉండేది, చెరువుల బాగోగులకు దశబంధం మాన్యాలు ఉండేవి. వీటిలో ఏది సంస్కృతి, ఏది పర్యావరణం? గుంటూరు పక్కనున్న ఉప్పలపాడులో ఊరి చెరువుల్లోని తుమ్మ చెట్ల మీద పెలికన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టుకుంటాయి. వాటిని ఇన్నేళ్లుగా నిలబెట్టినది ముఖ్యంగా ఊరి ఆదరణ.

రెండింటినీ విడదీసి చేసే మేలు కూడా ఒక్కోసారి కీడవుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక మట్టి పొలాలకు చేరడం, ఊరు మళ్లీ చెరువు వైపు చూడడం మంచి పరిణామాలే, వాటిని తక్కువ చేయను. అయితే పనికి కొలబద్ద ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీశారన్నదే అయితే, యంత్రం చెరువును అంచు నుంచి అంచుదాకా ఒకే లోతున గిన్నెలా తవ్వేస్తుంది. కొంగలు మేత వెతుక్కునే పలుచని నీటి అంచు, తుంగ, జమ్ము పెరిగే వాలు పోతాయి. వేసవిలో ఎండిన నేల మీద గుడ్లు పెట్టే తీతువుకు చోటుండదు. కట్టను విహారస్థలంగా మార్చే ఉత్సాహంలో పాత రాతి పేర్పు మీద సిమెంటు పడితే, శతాబ్దాల నాటి తూము పనితనం కూడా దాని కిందనే మూసుకుపోతుంది. అలా చేసేవారికి చెడు ఉద్దేశం ఉండనక్కరలేదు. అంచనా పత్రంలో పక్షికీ, పాత రాయికీ గడి లేకపోవడమే చాలు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం రైతు వైపు నుంచి. వారసత్వమనో చిత్తడి నేల అనో పేరు పెడితే ఆంక్షలు వస్తాయని, కొల్లేరు గతి పడుతుందని భయం. అది కొట్టిపారేయవలసిన భయం కాదు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అయినా అభయారణ్యం హద్దు ఏ కాంటూరు దాకా అన్న తగాదా నేటికీ తెగలేదు. అక్కడ మనం నేర్చుకోవలసింది రక్షణ వద్దని కాదు. ఆ నీటి మీద బతికే జాలర్లకు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు తరలివచ్చే జనానికి నిర్ణయంలో మొదటినుంచీ చోటుండాలని. రామ్‌సర్ ఒడంబడిక సారమే వివేకంతో కూడిన వినియోగం. 2002లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో జరిగిన సభ్యదేశాల సమావేశం చిత్తడి నేలల సాంస్కృతిక విలువలను నిర్వహణలో లెక్కలోకి తీసుకోవాలని మార్గదర్శక సూత్రాలు కూడా ఇచ్చింది. పైగా చెరువు విషయంలో వ్యవసాయమే వారసత్వం. ఆయకట్టు లేని చెరువును కాపాడే చేయి ఉండదు. కాబట్టి రైతు నీటి హక్కే ఈ ప్రణాళికకు తొలి షరతు కావాలి.

రెండో అభ్యంతరం, ఉన్న చట్టాలు చాలవా అని. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. కబ్జాను ఆపడానికి అది ఆయుధమే. కానీ తూము చెక్కడం చెదిరిపోతే, చేపల వేలం వల్ల పక్షుల గూళ్లకు భంగం కలిగితే ఆ చట్టానికి కనబడదు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2018లో కామారెడ్డి పెద్దచెరువును, 2020లో కంభం, పోరుమామిళ్ల చెరువులను వారసత్వ కట్టడాలుగా గుర్తించింది. అది గౌరవమే, కానీ దానికి చట్టబలం లేదు. మూడో అభ్యంతరం, వేల చెరువులకు ఇంత శ్రద్ధ సాధ్యమా అని. అన్నింటికీ ఒకేసారి అక్కరలేదు. శాసనం ఉన్నవి, వందల ఏళ్ల తూములున్నవి, పక్షులు గూళ్లు కట్టేవి ముందు గుర్తిస్తే చాలు. వాటికి కావలసింది కోట్ల నిధుల కన్నా ముందు ఒక పుస్తకం: చెరువు హద్దు, నీరు వచ్చే వాగులు, గొలుసులో పైచెరువు, కిందిచెరువు, తూము, మత్తడి, శాసనం, మైసమ్మ గద్దె, బతుకమ్మ రేవు, పక్షుల రుతువు, మత్స్య సంఘం, ఆయకట్టు రైతులు అన్నీ ఒక్కచోట రాసిన పుస్తకం. పూడిక తీయాలన్నా, కట్ట వెడల్పు చేయాలన్నా, చేపలు వేలం వేయాలన్నా ఆ పుస్తకం చూసే చేయాలి.

రెండు తెలుగు ప్రభుత్వాలకూ నా విన్నపం ఇదే. కేంద్ర నియమాలు వదిలేసిన చోట మీ సొంత చట్టంతో వారసత్వ చెరువులనే వర్గాన్ని ఏర్పాటు చేయండి. అలాంటి ప్రతి చెరువుకూ సాగునీటి, రెవెన్యూ, పురావస్తు, అటవీ, మత్స్య శాఖలను, రైతులను, జాలర్లను ఒకే సంఘంలో కూర్చోబెట్టి, చివరి బాధ్యత ఒక్కరి మీద పెట్టండి. పోరుమామిళ్ల శాసనం చెప్పిన 12 అంగాల్లో మొదటిది ధర్మం తెలిసిన పాలకుడు, చివరిది పని తెలిసిన జనం. కొండ, ఏరు, గట్టి నేల, రాతి కట్ట వంటి మధ్యలోని అంగాలను పూర్వీకులు ఇప్పటికే సమకూర్చి ఇచ్చారు. మొదటిదీ చివరిదీ సమకూర్చడమే మన వంతు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హనుమకొండ