గాలి లెక్క

కుంతాల జలపాతం చూపిస్తానని మా మేనల్లుడు నన్ను తన పాత జర్మను స్పోర్ట్సు కారులో కరీంనగరు నుంచి బయలుదేరదీశాడు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుండగా కారు దగ్గసాగింది. ఒకవైపు గుట్ట, ఒకవైపు లోయ, నడుమ నేను!

దోషం వాడి ఉత్సాహానిదే. 1970ల నాటి ఆ కారులో ఇంజనుకు పోయే గాలి ఒక రేకు తలుపును తోసుకుపోవాలి. తలుపు ఎంత తెరుచుకుంటే అంత పెట్రోలు. గాలికి అదే అడ్డమని వాడు దాన్ని తీయించి, వేడితీగె పరికరం పెట్టించాడు. కాగిన తీగెను గాలి చల్లారుస్తుంది. చల్లారకుండా నిలపడానికి పట్టే కరెంటే గాలి లెక్క. బాగానే ఉంది గాని, పెట్రోలు పంచే కంప్యూటరు పాతదే! తీగె చెప్పే లెక్క దానికేం తెలుసు?

మరునాడు మెకానిక్కు మళ్ళీ తలుపే బిగించాడు. కొత్త కంప్యూటరు ధర విన్న మా అక్క ఇంకా నోరు విప్పలేదు.