ఇంటి ముచ్చట్లు: పులుపు బలము

నూజివీడు తోటలలో కాయ కోతకు వచ్చినది. జాడీలో పెట్టినది కొన్ని యిండ్ల చెడుచుండగా కొన్ని యిండ్ల నేల రుచి హెచ్చుచున్నది? దీనికి సమాధానమొకటి దూరదేశపు పుస్తకమున దొరకినది. మా యింటివారు బడినుండి తెచ్చిరి.

ఫ్రాన్సుదేశమున షాబ్లీ యను నూరు కలదు. అచటి ఏటవాలు కొండపక్కను, పూర్వపు సముద్రపు ఆలిచిప్పలు రాయియై కలిసిన సున్నపునేలలో, షార్డనే యను ద్రాక్ష పండును. దాని తెల్లని మద్యము క్రొత్తలో నిమ్మవలె పదునుగా నుండునట. పది పదునైదేండ్లు సీసాలో నున్నచో తేనె పరిమళము దాల్చునట. చల్లని సీమ యగుటచే పండులో పులుపు నిలుచును. ఆ పులుపే దానిని కాచును.

మద్యమా యని మొగము త్రిప్పకుడు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మామిడి చేర్చిన సహకారసురను పేర్కొనెను. ద్రాక్షమద్యమును కాపిశాయనము, హారహూరకము అని పుట్టిన సీమల పేరిటనే చెప్పెను. మనమును నూజివీడు రసము, బంగినపల్లి యనుచున్నాము గదా! మనకు వలసినది మద్యము గాదు, దాని మర్మము.

ఆవకాయకును ప్రాణము పులుపే. టెంక గట్టిపడి, కండ తెల్లనై, కొఱికిన పండ్లు జివ్వుమను కాయయే జాడీకి తగును. దోరదనము సోకెనా, కాయలోని పిండి చక్కెరగా మాఱును, ఆమ్లము తఱుగును, ముక్క మెత్తబడును. ఉప్పు నీటిని లాగును, ఆవపిండి బూజు నణచును, నూనె గాలిని మూయును. అయినను పులుపు లేని ముక్కను ఏడాది నిలుపుట వీనికి కష్టము.

ఇప్పుడు అంగళ్లలో కాయను ముక్కలు కొట్టించి యిచ్చుచున్నారు. కొట్టింపకముందే యొక కాయ కోయించి నోట వేసికొని చూడుడు. తియ్యగా నున్నచో, ఎంత చవుకయైనను మానుడు. మా వీధిలో నొక కోడలు నిరుడు బంగినపల్లి దోరకాయలు ముచ్చటపడి వేసినది. శ్రావణమునకే జాడీ పులిసిపోయినది. అత్తగారు నోరు మెదపలేదు గాని, నూనె, కారము, ఇద్దఱి రెక్కలకష్టము, అన్నియు పెంటపాలయ్యెను.

ముక్కలను తడి లేకుండ తుడువుడు. మూడవనాడు తిరుగ గలిపి, నూనె పైకి తేలనిచో మఱికొంత నువ్వులనూనె పోయుడు. మొదటి వారమున కారమొకవైపు, పులుపొకవైపు పెనగులాడును. మాసము దాటినపిమ్మట పొత్తు కుదురును. మాగాయ మాట వేఱు. ఎండలో ఊరి యెండి నల్లబడిన ఆ ముక్క రెండవయేటనే రుచియని మా మేనత్త, క్రొత్తది సిద్ధముగా నున్నను, అతిథి వచ్చినప్పుడు పాతజాడీకే వాసెన విప్పును.