సోదాలకు ముందు ఒక గడువివ్వండి

నంద్యాల జిల్లా ఎస్పీ గారికి,

అమెరికాలో ఔత్సాహికులు రైఫిల్ రిసీవర్ (మూల చట్రం) కొని, మిగతా భాగాలు ఇంట్లోనే బిగించుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అది నేరం కాదు. కానీ మన 1959 ఆయుధాల చట్టానికి విడిభాగమైనా తుపాకీయే. లైసెన్సు లేకుండా తయారుచేస్తే, 2019 సవరణతో కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. శ్రీశైలం చుట్టుపక్కల ఈ సంగతి ఎందరికి తెలుసు?

నల్లమల అంచున నాటు తుపాకీ అంటే ఒక గొట్టం, కర్ర పిడి, మూతిలోంచి కూరిన మందు. గొట్టం తట్టుకోకపోతే పగిలేది కాల్చినవాడి చేతిలోనే. పంటమీద పడే అడవిపందుల కోసమంటారు రైతులు. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఈ అడవి పులుల అభయారణ్యం.

సోదాలు మొదలుపెట్టే ముందు, నాటు తుపాకులను కేసు లేకుండా అప్పగించే గడువు ప్రకటించండి. పంటనష్టం అర్జీలూ తుపాకులు అప్పగించే చోటే తీసుకోమని అటవీశాఖకు చెప్పండి.

ఇట్లు,
సున్నిపెంట వాసి