పనేందో చెప్పకుండా పిల్లోడికి మార్కులేస్తే ఎట్టా?

గంభీర్‌ని పీకేయాలా, ఉంచాలా? నితీశ్ కుమార్ రెడ్డికి ఇంకో ఛాన్స్ ఇయ్యాలా, ఇంటికి పంపాలా? గువాహటి టెస్ట్ పోయినకాడి నుంచి మా చిట్టమూరు పక్క ఏ టీ అంగడి కాడ నిలబడినా ఇదే రచ్చ. ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే పంచాయితీ. పిలకాయలు రెండు జట్లయిపోయినారు. ఒక జట్టుకి తప్పంతా కోచ్‌ది. ఇంకో జట్టుకి తప్పంతా ఆ పిల్లోడిది.

నేను ఆటల విలేకరిని కాదు. కౌలు రైతుల కార్డులు, ఉపాధి కూలీల బిల్లులు, రొయ్యల గుంటల ఉప్పునీళ్లు, ఇయ్యే నేను రాసేవి. అయినా ఈసారి క్రికెట్ మీద రాస్తుండా. ఎందుకంటే ఈ రచ్చలో వినపడే మాటలు ఆటతో ఆగేవి కావు. 22 ఏళ్ల పిల్లోణ్ణి పట్టుకుని "వేస్టు గాడు" అంటుండారు మనోళ్లు. ఏడాది కిందట ఇదే నోళ్లు "మా తెలుగోడు" అని స్టేటస్‌లు పెట్టుకున్నాయి.

ముందు లెక్క చూద్దాం. లెక్క లేకుండా వాదిస్తే అది తిట్ల పోటీ అవుతుంది.

2024 నవంబర్‌లో ఆస్ట్రేలియాలో నితీశ్ టెస్టుల్లోకి వచ్చినాడు. పెర్త్‌లో 41, 38 నాటౌట్. అడిలైడ్‌లో రెండుసార్లూ 42. బ్రిస్బేన్‌లో 16. మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబర్‌లో దిగి 114. అంటే మొదటి ఆరు ఇన్నింగ్స్‌లో 293 పరుగులు. ఆ తర్వాత మెల్‌బోర్న్ రెండో ఇన్నింగ్స్ మొదలు, 2025 నవంబర్ గువాహటి దాకా పది ఇన్నింగ్స్ ఆడినాడు. అన్నీ కలిపితే 103. మొదటి ఆరింటి లెక్క ఒక మనిషిది, తర్వాతి పదింటి లెక్క ఇంకో మనిషిది అనిపిస్తుంది. మనిషి మాత్రం ఒక్కడే. మరి మధ్యలో ఏం జరిగింది?

మొదటిది ఒళ్లు. 2025 జనవరిలో పక్కటెముకల కాడ కండరం పట్టేసి ఇంగ్లండ్ టీ20 సిరీస్‌కి దూరమైనాడు. జూలైలో ఇంగ్లండ్‌లో మోకాలు దెబ్బతిని మధ్యలోనే ఇంటికొచ్చినాడు. అక్టోబర్‌లో ఆస్ట్రేలియా వన్డేల్లో తొడ కండరం. ఏడాదిలో మూడు దెబ్బలు. బ్యాటూ పట్టి, ఫాస్ట్ బౌలింగూ వేసేవాడికి ఒళ్లే పెట్టుబడి. ఆ పెట్టుబడి మీద మూడుసార్లు దెబ్బ పడింది.

రెండోది పని. అసలు సంగతి ఇక్కడ ఉండాది. ఆ పిల్లోడి పనేంది? బ్యాటరా? నాలుగో సీమరా? మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబర్. 2025 అక్టోబర్‌లో వెస్టిండీస్ మీద అహ్మదాబాద్‌లో బ్యాటింగే రాలేదు. ఆ తర్వాతి టెస్ట్ ఢిల్లీలో అయిదో నంబర్‌లో దించినారు, 43 కొట్టినాడు. కానీ అక్కడ ఒక్క ఓవర్ కూడా వెయ్యనియ్యలేదు. దక్షిణాఫ్రికా మీద కోల్‌కతా టెస్ట్‌కి ముందు జట్టు నుంచి వదిలేసి రాజ్‌కోట్‌కి, ఇండియా-ఏ మ్యాచ్‌లకి పంపినారు. గిల్ మెడ పట్టేసరికి మళ్లీ పిలిచి గువాహటిలో ఆడించినారు. అక్కడ దక్షిణాఫ్రికా మొదటి ఇన్నింగ్స్ 150 ఓవర్లు దాటింది, 489 కొట్టినారు. అందులో మనోడికి ఇచ్చింది 6 ఓవర్లు. బ్యాటుతో 10, 0.

మన కయ్యలో నారేసిన మూడోరోజే పీకి, వేరు పట్టిందా లేదా అని చూసే రైతు ఉంటాడా? పీకి, పక్క కయ్యలో నాటి, అక్కడ నుంచి పీకి ఇంకో కయ్యలో నాటి, పంట రాలేదని నారుని తిట్టే రైతు ఉంటాడా? అట్టాంటోడుంటే ఊరు నవ్వుద్ది. ఇక్కడ మాత్రం ఊరు నారునే తిడుతుండాది.

ఇక కోచ్ సంగతి. 2024 జూలై 9న గంభీర్‌ని హెడ్ కోచ్‌గా ప్రకటించినారు. ఆ ఏడాదే న్యూజిలాండ్ మన దేశానికొచ్చి 3-0తో కొట్టిపోయింది. 2012 తర్వాత మన గడ్డ మీద టెస్ట్ సిరీస్ పోవడం అదే మొదలు. ఆస్ట్రేలియాలో 1-3. తర్వాత దక్షిణాఫ్రికా వచ్చి 2-0తో ఊడ్చేసింది. కోల్‌కతాలో 124 కొట్టలేక 93కే చాప చుట్టేసినాం. గువాహటిలో 408 పరుగుల తేడా. స్టేడియంలోనే జనం "గంభీర్ హాయ్ హాయ్" అన్నారు. ఇదొక పక్క. ఇంకో పక్క 2025 మార్చిలో ఛాంపియన్స్ ట్రోఫీ, సెప్టెంబర్‌లో ఆసియా కప్, ఇంగ్లండ్‌లో కుర్ర జట్టుతో 2-2. గెలిచినవి చెప్పకుండా ఓడినవి మాత్రమే చదివితే అది విచారణ కాదు. ఓడినవి దాచి కప్పులు చూపిస్తే అదీ న్యాయం కాదు.

నేను చెప్పేదేందంటే, కోచ్‌ని కప్పుల లెక్కతో ఒక్కటే తూకం వెయ్యొద్దు. ఇంకో ప్రశ్న అడగండి. నీ చేతికిచ్చిన పిల్లోడికి పనేందో చెప్పినావా? ఆ పని నేర్చుకునేదాకా ఆగినావా?

ఈ జనవరి 14న రాజ్‌కోట్‌లో న్యూజిలాండ్ మీద వన్డే. నితీశ్ 20 కొట్టినాడు, బౌలింగ్ 2 ఓవర్లు. మ్యాచ్ అయినాక అసిస్టెంట్ కోచ్ టెన్ డస్కటే మీడియా ముందుకొచ్చి, నితీశ్‌ని తయారు చెయ్యాలని అనుకుంటాం గానీ ఆడిస్తే పెద్దగా ఏమీ చెయ్యడం లేదు అనే అర్థంలో మాట్లాడినాడు. సరే. రెండు ఓవర్లు వేయించి ఆల్‌రౌండర్‌గా ఏం చేసినావని అడిగితే ఎట్టా? నాలుగు రోజులు తిరక్కముందే, 18న ఇండోర్‌లో అదే పిల్లోడు కోహ్లీకి తోడుగా నిలబడి 53 కొట్టినాడు. మ్యాచ్ పోయింది, సిరీస్ పోయింది. పిల్లోడు మాత్రం నోటితో బదులియ్యలేదు, బ్యాటుతో ఇచ్చినాడు.

ఇక్కడ ఎదుటి జట్టు మాట కూడా వినాల. "ఇండియా టీమ్ బడి కాదన్నా, నేర్చుకోని వచ్చినోళ్లే ఆడాల" అంటారు కొంతమంది. ఆ మాటలో నిజం ఉండాది. గువాహటిలో సున్నాకి బౌలింగ్ ఇయ్యకపోవడం కారణం కాదు. ఆ సున్నా అతనిదే. ఒక సెంచరీ పేరు చెప్పుకుని ఏళ్లకేళ్లు జట్టులో ఉండే హక్కు ఎవరికీ లేదు, అతను తెలుగోడైనా సరే. మన జిల్లావోడు, మన కులపోడు అని వెనకేసుకొచ్చేది అభిమానం కాదు, అది ఇంకో రకం అన్యాయం. అవతల రాష్ట్రంలో ఇంకో పిల్లోడు కూడా అదే చోటు కోసం ఎండలో పరిగెత్తుతుండాడు.

మరి దారేంది? కోచ్‌ని మారిస్తే సరిపోద్దా? మన హైదరాబాద్ సన్‌రైజర్స్‌నే చూడండి. 2021లో కోచ్ బేలిస్, 2022లో మూడీ, 2023లో లారా, 2024లో వెటోరీ. నాలుగు సీజన్లు, నలుగురు కోచ్‌లు. మొదటి మూడేళ్లు టీమ్ ఎనిమిది, ఎనిమిది, పదో స్థానంలో ఉండింది. వెటోరీ వచ్చిన ఏడాది ఫైనల్‌కి పోయింది. "చూసినారా, కోచ్‌ని మారిస్తే ఫైనల్" అంటారు. అదే ఏడాది కమిన్స్ కెప్టెన్‌గా వచ్చినాడు, హెడ్ ఓపెనింగ్‌కి వచ్చినాడు, అది మర్చిపోతారు. 20 లక్షల నితీశ్‌ని పైన దించి ఆడించినారు, 303 పరుగులు కొట్టి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాడు. మరుసటేడు కోచ్ అదే వెటోరీ, పిల్లోడు అదే నితీశ్, రేటు మాత్రం 6 కోట్లు. పరుగులు 182. టీమ్ ఆరో స్థానం. కోచ్ ఒక్కడే మంత్రగాడైతే రెండేళ్లలో ఇంత తేడా రాదు గదా.

దారి ఇంటి దగ్గరే ఉండాదని నా మాట. 2025-26 సీజన్‌కి మన ఆంధ్రా జట్టుకి కొత్త హెడ్ కోచ్ వచ్చినాడు, గ్యారీ స్టెడ్. ఎవరీయన? 2024లో మన దేశంలో మనల్ని 3-0తో కొట్టిన న్యూజిలాండ్ కోచ్ ఈయనే. 2021లో మొదటి వరల్డ్ టెస్ట్ ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టు కోచ్ కూడా ఈయనే. గంభీర్ జట్టుని ఓడించిన మనిషే ఇప్పుడు మనోళ్లకి నేర్పుతుండాడు. డిసెంబర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో ఆంధ్రా తరఫున మధ్యప్రదేశ్ మీద నితీశ్ హ్యాట్రిక్ తీసినాడు. బంతి చేతికిస్తే వేస్తాడని దాని అర్థం. ఒక పూర్తి సీజన్ రంజీ ఆడనియ్యండి. అయిదో నంబర్‌లో దింపండి, రోజుకి పన్నెండు, పదిహేను ఓవర్లు వేయించండి. ఒళ్లు తట్టుకుంటే టెస్టుకి పిలవండి. తట్టుకోకపోతే బౌలింగ్ వదిలేసి బ్యాటర్‌గా బతకమని మొహం మీదే చెప్పండి. బెంచీ మీద నీళ్ల సీసాలు మోయించి ఆల్‌రౌండర్‌ని తయారు చెయ్యలేం.

సెలెక్టర్లు జట్టుని ఎంపిక చేస్తారు, ఆడే పదకొండు మందిని కెప్టెనూ కోచూ తేలుస్తారు. అడగాల్సింది ఈ ముగ్గుర్నీ. ఒక్కణ్ణే తిడితే మిగతా ఇద్దరూ తప్పుకుంటారు.

ఇంత ఓపిక మనకెందుకు లేకుండా పోయింది? ఒక కారణం డబ్బులు. ఫాంటసీ యాప్‌లో టీమ్ కట్టి, నితీశ్‌ని కెప్టెన్‌గా పెట్టుకున్నోడికి ఆ సున్నా జట్టు ఓటమి కాదు, జేబుకి చిల్లు. ఆంధ్రాలో 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుల ఆటల మీద దేశమంతా చట్టం చేసింది. యాప్‌లు మూసినారు గానీ అలవాటు పోలేదు. బాల్ బాల్‌కి పందెం కాసినోడు ఏడాది ఆగమంటే ఆగుతాడా? రొయ్య సీడు వదిలిన వారానికే కౌంట్ ఎంతొచ్చిందని అడిగినట్టు ఉంటుంది వాళ్ల తంతు.

ఇంకో కారణం, మనల్ని కూడా ఇట్టానే చూస్తుండారు. డిప్లొమా అయిపోయి ఫ్యాక్టరీకి పోయిన పిల్లోణ్ణి అడగండి. పేరుకి ట్రైనీ. వారం ఒక లైన్, వారం ఇంకో లైన్, తర్వాత ప్యాకింగ్. నేర్పేవాడుండడు. కొన్ని నెలలకి "నువ్వు సరిపోవు" అని గేటు బయట నిలబెడతారు. వాడు ఊరికొస్తే మనం ఏమంటాం? "యాడా నిలవడు వీడు" అంటాం. నితీశ్‌కి కనీసం 6 కోట్లూ, పేరూ ఉండాయి. మన వీధిలో పిల్లోడికి ఏముండాది?

నితీశ్‌కి ఇంకోటి కూడా ఉండింది. వాళ్ల నాయన ముత్యాల రెడ్డి. విశాఖ నుంచి ఉదయ్‌పూర్‌కి బదిలీ చేస్తే, కొడుకు ఆట ఆగిపోద్దని 2016లో హిందుస్థాన్ జింక్ ఉద్యోగమే వదిలేసినాడు. చుట్టాలు, ఇరుగుపొరుగు ఏమనుకున్నా పడినాడు. ఆ పిల్లోడు 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు కొట్టినాడు, అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. మెల్‌బోర్న్ గ్యాలరీలో ఆ నాయన ఏడ్చింది మనమంతా చూసినాం. కానీ ఉద్యోగం వదులుకునే నాయన అందరికీ ఉంటాడా? రోజు కూలికి పోయే నాయన ఏం వదులుకుంటాడు?

మన పిలకాయలు కోతలైన కయ్యల్లో టెన్నిస్ బాల్‌తో ఆడతారు. లెదర్ బంతి మొహం చూడకుండానే ఇరవై ఏళ్లొస్తాయి. 2023 డిసెంబర్‌లో "ఆడుదాం ఆంధ్రా" అని ఊరూరా పోటీలు పెట్టినారు. పోటీ వేరు, శిక్షణ వేరు. పోటీ గెలిచినోణ్ణి చూపిస్తుంది, ఓడినోడికి ఏం తక్కువైందో చెప్పదు. అది చెప్పేవాడే కోచ్. గంభీర్ మంచోడా చెడ్డోడా అని రాత్రి రెండింటిదాకా టైప్ చేసే తమ్ముళ్లు, మన మండలానికి ఒక మ్యాటింగ్ పిచ్, వారానికి రెండు రోజులొచ్చే ఒక కోచ్ కావాలని ఒక్క అర్జీ రాసినారా? హైస్కూల్లో వ్యాయామ టీచర్ పోస్టు ఖాళీగా ఉందో లేదో అడిగినారా?

వచ్చే ఐపీఎల్‌లో నితీశ్ మళ్లీ ఆరెంజ్ జెర్సీలో దిగుతాడు. చూడండి, అరవండి, కోప్పడండి కూడా. కాకపోతే తిట్టే ముందు మూడు లెక్కలు రాసుకోండి. ఎన్నో నంబర్‌లో పంపినారు? ఆడేదానికి ఎన్ని బంతులు మిగిల్చినారు? ఎన్ని ఓవర్లు వేయించినారు? ఆ మూడూ సక్రమంగా ఇచ్చినా ఆడకపోతే పిల్లోణ్ణి నిలదీయండి, నేనూ మీ పక్కనే నిలబడతా. ఇయ్యకపోతే మాత్రం కోచ్ ఎవరైనా సరే, వెటోరీ అయినా గంభీర్ అయినా, ముందు ఆయన్నే అడగండి.